వెనక్కి తగ్గితే ఖరీదెంత?

కొత్త ఫ్లాట్ బుక్ చేసుకుని మనసు మార్చుకుంటే పది శాతం కోత తప్పదని తేలిపోయింది. అయితే అసలు బిల్లు ఆ పది శాతం దగ్గర ఆగడం లేదు

తాళాలు సిద్ధంగా ఉన్నాయి, వచ్చి తీసుకోండి అని బిల్డరు ఉత్తరం రాశారు. మాకు ఇల్లు వద్దు, కట్టిన డబ్బు తిరిగివ్వండి అని కొనుగోలుదారులు జవాబిచ్చారు. 2017 జూన్‌లో గురుగ్రామ్ సెక్టార్ 104లోని గోద్రెజ్ సమ్మిట్ ప్రాజెక్టులో ఒక ఫ్లాట్‌పై మొదలైన ఈ పేచీ తెమలడానికి ఏడేళ్లకు పైగా పట్టింది. ఫ్లాట్ మూల ధర రూ. 1.70 కోట్లు. 2014 జనవరిలో రూ. 10 లక్షలతో బుకింగ్ చేసుకున్నవారు అప్పటికి రూ. 51.12 లక్షలు చెల్లించారు. ఇల్లు కట్టడంలో బిల్డరు చేసిన పెద్ద తప్పేమీ లేదు. మారింది మార్కెటే. ధరలు పడిపోయాయి. మూడేళ్ల కిందటి రేటుకు ఎందుకు కొనాలన్నది కొనుగోలుదారుల లెక్క.

ఒప్పందం మాత్రం వేరే లెక్క చెప్పింది. కొనుగోలుదారు తప్పుకుంటే మూల ధరలో 20 శాతం బయానా కింద బిల్డరు జప్తు చేసుకోవచ్చని అందులో ఉంది. అంటే రూ. 34 లక్షలకు పైమాటే. జాతీయ వినియోగదారుల కమిషన్ 2022లో ఆ 20 శాతాన్ని పదికి దించి, మిగిలినది 6 శాతం వడ్డీతో తిరిగి ఇవ్వమంది. బిల్డరు సుప్రీంకోర్టుకు వెళ్లారు. జస్టిస్ బి.ఆర్. గవాయ్, జస్టిస్ ఎస్.వి.ఎన్. భట్టిల ధర్మాసనం 2025 ఫిబ్రవరి 3న ఇచ్చిన తీర్పులో ఒప్పందం పూర్తిగా బిల్డరు వైపే మొగ్గి ఉందని తప్పుపట్టింది, పది శాతం కోత సబబేనంది. కానీ వడ్డీని కొట్టేసింది. ధరలు తగ్గాయని తప్పుకున్నవారు అదే డబ్బుతో తక్కువ ధరకు మరో ఇల్లు కొనుక్కునే వీలుందిగదా అన్నది కోర్టు తర్కం. చివరికి రూ. 51.12 లక్షల్లో రూ. 17.08 లక్షలు పోయాయి. ఏళ్ల తరబడి చిక్కుకున్న మిగతా డబ్బుకు పైసా వడ్డీ రాలేదు.

ఇళ్ల కొనుగోలుదారుల్లో చాలామంది ఈ తీర్పును ఒకే ముక్కలో గుర్తుపెట్టుకున్నారు: పది శాతానికి మించి కోయకూడదు. అంతవరకు నిజమే. పది శాతం దేనిలో అన్న దగ్గరే చిక్కంతా ఉంది. అది కట్టిన డబ్బులో పది శాతం కాదు, ఇంటి ధరలో పది శాతం. కోటి రూపాయల ఫ్లాట్‌కు రూ. 5 లక్షలు కట్టి తప్పుకున్నవారికి పోయేది ఆ ఐదే కావచ్చు. 10 లక్షలు కట్టినవారికి మొత్తం పోతుంది. 30 లక్షలు కట్టినవారికి మూడో వంతు పోతుంది. గురుగ్రామ్ కేసులో జరిగింది సరిగ్గా ఇదే. రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, అదే రెరా, 13వ సెక్షన్ ప్రకారం అమ్మకం ఒప్పందాన్ని రాసి రిజిస్టర్ చేయకుండా బిల్డరు పది శాతానికి మించి తీసుకోరాదు. ఇది కొనుగోలుదారు రక్షణ కోసం పెట్టిన గీత. మరో విధంగా చూస్తే, తప్పుకోవాలనుకునేవారు ఆలోచించుకోవలసిన ఆఖరి మజిలీ కూడా అదే.

ఈ పది శాతం సూత్రానికి పునాది పడింది ఇళ్ల వ్యవహారంలో కాదు, బంగాళాదుంపల వ్యవహారంలో. ఉత్తరప్రదేశ్‌లో సైన్యానికి బంగాళాదుంపలు, కోళ్లు, గుడ్లు, చేపలు సరఫరా చేస్తానని 1947లో ఒక కాంట్రాక్టరు ఒప్పుకుని రూ. 18,500 డిపాజిట్ కట్టాడు. సరుకు సక్రమంగా రాలేదని ప్రభుత్వం ఆ సొమ్ము జప్తు చేసింది. 1969లో సుప్రీంకోర్టు అది చెల్లదంది. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందం తప్పినవారి నుంచి సముచిత పరిహారమే రాబట్టాలి, జరిమానా కాదు. బయానా మాత్రం సహేతుకమైన మొత్తమైతే జరిమానా కిందికి రాదు అని విడమరిచింది. ఆ 'సహేతుకం' అన్న మాటకు కొలత పెట్టే పని తర్వాతి తరం మీద పడింది. హర్యానా రెరా 2018లో నిబంధనలు తెచ్చి బయానా ధరలో పది శాతం దాటరాదని రాసింది. 2025 తీర్పుతో ఆ కొలతకు అత్యున్నత న్యాయస్థానం ముద్ర కూడా పడింది.

ఇదంతా కొనుగోలుదారు తనంతట తాను తప్పుకున్నప్పటి సంగతి. తప్పు బిల్డరుదైతే కథ పూర్తిగా మారిపోతుంది. ఒప్పుకున్న తేదీకి ఇల్లు అప్పగించకపోతే డబ్బు మొత్తం వడ్డీతో సహా వెనక్కి అడిగే హక్కును రెరా 18వ సెక్షన్ ఇచ్చింది. వడ్డీ రేటును రాష్ట్రాల నిబంధనలు నిర్ణయిస్తాయి. చాలాచోట్ల అది స్టేట్ బ్యాంకు అత్యధిక ఎంసీఎల్‌ఆర్‌కు మరో 2 శాతం కలిపిన రేటు. ఈ హక్కుకు షరతుల్లేవని 2021 నవంబరులో న్యూటెక్ ప్రమోటర్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఆలస్యానికి అనుకోని ఘటనలు కారణమని, కోర్టు స్టే వచ్చిందని బిల్డరు చెప్పినా సరే, కొనుగోలుదారు అడిగితే ఇవ్వాల్సిందే. తప్పుడు ప్రకటనలు, నమూనా ఫ్లాట్లు చూపి మభ్యపెట్టినా 12వ సెక్షన్ కింద ఇదే వరస.

కాబట్టి తప్పుకునేవారు రాసే ఉత్తరంలో కారణం ఏమని రాస్తారన్నదానికి లక్షల విలువ ఉంది. 'సొంత కారణాల వల్ల' అని ఒక ముక్క రాసి సంతకం పెట్టినవారు ఆ తర్వాత బిల్డరు ఏడాది ఆలస్యం చేశారని వాదించబోతే వినేవారు తక్కువ. బుకింగ్ ఆఫీసుల్లో అచ్చు వేసి ఉంచిన రద్దు ఫారాల్లో కారణం గడి పక్కన ఏముందో చదవకుండా సంతకం పెట్టేవారే ఎక్కువ. ఉద్యోగం పోయి, బదిలీ అయి, ఇంట్లో ఎవరికో జబ్బు చేసి తప్పుకునేవారికి ఆ ఓపిక ఉండదు మరి.

బిల్డరు ఆలస్యం చేశారన్నంత మాత్రాన తలుపు ఎప్పటికీ తెరిచే ఉంటుందనీ కాదు. గురుగ్రామ్‌లోనే మరో రెండు కేసులు దీనికి ఉదాహరణ. పయోనీర్ అర్బన్ కేసులో ఇల్లు రెండేళ్లకు పైగా ఆలస్యమైంది. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక తాళాలు తీసుకోమంటే కొనుగోలుదారు ససేమిరా అన్నారు. 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆయన పక్షానే నిలిచింది, 10.7 శాతం వడ్డీతో డబ్బు వాపసు ఇప్పించింది. కొనుగోలుదారు వాయిదా ఆలస్యమైతే 18 శాతం వడ్డీ, బిల్డరు ఇవ్వాల్సి వస్తే 9 శాతమేనన్న ఒప్పందాన్ని అన్యాయ వాణిజ్య పద్ధతి అంది. రెండేళ్లు తిరక్కుండానే, 2021 జనవరిలో ఐరియో గ్రేస్ కేసులో అదే కోర్టు కొనుగోలుదారులను రెండు జాబితాలుగా విడదీసింది. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ రాని టవర్లవారికి 9 శాతం వడ్డీతో వాపసు. వచ్చిన టవర్లవారు మాత్రం ఆలస్యానికి పరిహారం పుచ్చుకుని ఇల్లు తీసుకోవాల్సిందే. అక్కడ ఆలస్యం కొన్ని నెలలే మరి. రెరా 19వ సెక్షన్ కూడా ఆ సర్టిఫికెట్ వచ్చిన రెండు నెలల్లో ఇల్లు స్వాధీనం చేసుకోవాలని కొనుగోలుదారుకు బాధ్యత పెట్టింది. ఆలస్యం సాకుతో తప్పుకోదలచినవారు సర్టిఫికెట్ రాకముందే నోటీసు ఇస్తే ఒక బలం, వచ్చాక ఇస్తే మరో బలం.

పది శాతమన్నది దేశమంతటా ఒకటే కాదు. ముంబైలో పరిస్థితి కాస్త దయగా ఉంది. అమ్మకం ఒప్పందానికి ముందు ఇచ్చే అలాట్‌మెంట్ లెటర్‌కు మహారాష్ట్ర రెరా ఒక నమూనా తయారుచేసింది. దాని ప్రకారం 15 రోజుల్లోపు రద్దు చేసుకుంటే కోత లేదు. 16 నుంచి 30 రోజుల మధ్య ధరలో ఒక శాతం, 60 రోజుల వరకు ఒకటిన్నర, ఆ తర్వాత 2 శాతం. అదే ధర, అదే మనసు మార్పు. గురుగ్రామ్‌లో 10 లక్షలు పోయేచోట ముంబైలో 2 లక్షలతో బయటపడవచ్చు. ఆలోచించుకోవడానికి కొనుగోలుదారుకు కొన్ని రోజులు ఇవ్వాలన్న ఈ ఆలోచన విదేశాల్లో పాతదే. ఫ్రాన్స్‌లో పది రోజుల గడువుంది, కోత ఏమీ ఉండదు. సిడ్నీలో కట్టని ఇంటిని ప్లాను చూసి కొనేవారికి 10 పనిదినాలు. తప్పుకుంటే ధరలో పావు శాతం పోతుంది. ఆస్ట్రేలియాలో పావు శాతానికి బయటపడే వీలున్న తెలుగు ఇంజనీరు హైదరాబాద్‌లో తల్లిదండ్రుల కోసం ఫ్లాట్ బుక్ చేస్తే అలాంటి వెసులుబాటు దొరకదు. కేంద్ర రెరా చట్టంలో ఆలోచనా గడువు అన్నదే లేదు.

ఇక కోతకు బయట ఉన్న ఖర్చులు. వీటి గురించి ఏ కోర్టూ ఒకచోట లెక్క చెప్పలేదు. ఒక ఉదాహరణ చూస్తే విషయం తేలుతుంది. కోటి రూపాయల ఫ్లాట్, నిర్మాణంలో ఉంది. కొనుగోలుదారు 30 శాతం చెల్లించారు: చేతి డబ్బు రూ. 20 లక్షలు, బ్యాంకు రుణం రూ. 10 లక్షలు. నిర్మాణంలో ఉన్న ఇంటికి 2019 ఏప్రిల్ నుంచి వర్తించిన 5 శాతం జీఎస్టీ లెక్కన మరో లక్షన్నర. రుణంపై 8.5 శాతం చొప్పున రెండేళ్ల వడ్డీ రూ. 1.70 లక్షలు. అంటే జేబులోంచి పోయినవి రూ. 23.20 లక్షలు. ఇప్పుడు ఆయన తప్పుకుంటారు. బిల్డరు పది శాతం, అంటే రూ. 10 లక్షలు కోసుకుని 20 లక్షలు వాపసు ఇస్తారు. అందులో మొదటి హక్కు బ్యాంకుది. త్రైపాక్షిక ఒప్పందం ప్రకారం దాని 10 లక్షలు ముందు దానికి వెళ్లిపోతాయి. ఆయన చేతికి వచ్చేది 10 లక్షలు. జీఎస్టీ తిరిగి వస్తే పదకొండున్నర. కాగితం మీద పది శాతం కోత, జేబు లెక్కలో సగానికి సగం.

ఈ లెక్కలో బ్రోకరు కమిషన్ లేదు. బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు లేదు. అది వెనక్కి రాదు. రెండేళ్లు ఆ 20 లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంటే వచ్చేది లేదు. నిర్మాణ కాలంలో కట్టిన వడ్డీకి పన్ను మినహాయింపు ఇల్లు పూర్తయ్యాకే ఐదు విడతలుగా వస్తుంది. ఇల్లే లేనప్పుడు ఆ మినహాయింపూ లేదు. ఒక్క ఊరట ఏమిటంటే, ఫ్లోటింగ్ వడ్డీ గృహరుణాన్ని ముందే తీర్చేస్తే వ్యక్తుల నుంచి బ్యాంకులు జరిమానా వసూలు చేయకుండా రిజర్వు బ్యాంకు 2012లోనే కట్టడి చేసింది.

జీఎస్టీ సంగతి కాస్త విడిగా చెప్పుకోవాలి. ఇక్కడ పోగొట్టుకుంటున్నవారిలో చాలామంది తెలియక పోగొట్టుకుంటున్నారు. డబ్బు కట్టిన ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30లోపు రద్దయితే బిల్డరు క్రెడిట్ నోట్ ఇచ్చి పన్నును సర్దుబాటు చేసుకోవచ్చు, కొనుగోలుదారుకు తిరిగి ఇవ్వవచ్చు. ఆ గడువు దాటితే బిల్డర్లు 'పన్ను ప్రభుత్వానికి కట్టేశాం, మా చేతుల్లో లేదు' అనేవారు. కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2022 డిసెంబరు 27న ఒక సర్క్యులర్ ద్వారా దీనికి దారి చూపింది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని మామూలు కొనుగోలుదారు తాత్కాలిక రిజిస్ట్రేషన్ తీసుకుని నేరుగా తానే వాపసు కోరవచ్చు. బిల్డరు రద్దు లేఖ ఇచ్చిన తేదీ నుంచి రెండేళ్లలోపు దరఖాస్తు చేయాలి. కాబట్టి ఆ రద్దు లేఖ చేతికి తీసుకోకుండా మాటమీద వ్యవహారం ముగించుకున్నవారికి ఈ దారీ మూసుకుపోతుంది. అదే ఏడాది ఆగస్టులో బోర్డు మరో స్పష్టత కూడా ఇచ్చింది: స్థిరాస్తి ఒప్పందం తప్పినందుకు జప్తయిన బయానాపై జీఎస్టీ పడదు. కోసిన పది లక్షల మీద మళ్లీ పన్నంటూ లాగే బిల్లును ప్రశ్నించవచ్చన్నమాట.

టీడీఎస్ ఇంకో మరుపు. రూ. 50 లక్షలు, ఆపై ఆస్తి కొనేటప్పుడు ప్రతి చెల్లింపులో ఒక శాతాన్ని కొనుగోలుదారే పట్టి, బిల్డరు పేరున ఆదాయపన్ను శాఖకు కట్టాలి. పై ఉదాహరణలో అది రూ. 30 వేలు. ఆ సొమ్ము బిల్డరు పన్ను ఖాతాలో జమయింది కాబట్టి వాపసు లెక్క 29.70 లక్షల మీద కాక 30 లక్షల మీద వేయాలి. పట్టించుకోకపోతే ఆ 30 వేలు నిశ్శబ్దంగా మాయమవుతాయి.

వీటన్నిటికన్నా ఖరీదైన ఉచ్చు సబ్‌వెన్షన్ పథకాలది. ఇల్లు చేతికొచ్చేదాకా ఈఎంఐ మేమే కడతాం అని బిల్డరు చెబుతారు. బ్యాంకు రుణంలో అధిక భాగం ముందే బిల్డరుకు వెళ్లిపోతుంది. బిల్డరు కట్టడం మానేస్తే బ్యాంకు వచ్చి నిలబడేది కొనుగోలుదారు గుమ్మంలో. ఎందుకంటే రుణపత్రం మీద సంతకం ఆయనది. ముందస్తుగా డబ్బు విడుదల చేయవద్దని రిజర్వు బ్యాంకు 2013లోనూ, ఈ పథకాల జోలికి పోవద్దని నేషనల్ హౌసింగ్ బ్యాంకు 2019లోనూ చెప్పాయి. అప్పటికే నోయిడా, గ్రేటర్ నోయిడాల్లో వేలాది కుటుంబాలు ఇరుక్కున్నాయి. బిల్డర్లు, బ్యాంకుల కుమ్మక్కుపై సీబీఐ ప్రాథమిక విచారణలకు సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో ఆదేశించాల్సి వచ్చింది. ఇలాంటి ఇంటి నుంచి తప్పుకోవడమంటే లేని ఇంటికి వాయిదాలు కడుతూనే తప్పుకోవడం.

హైదరాబాద్ జబ్బు ఇంకో రకం. ఇక్కడి మాట 'ప్రీలాంచ్'. రెరా రిజిస్ట్రేషన్ రాకముందే, చాలాసార్లు అనుమతులు కూడా రాకముందే, మార్కెట్ ధరలో సగానికో ముప్పావుకో మొత్తం సొమ్ము ఒక్కసారిగా కట్టించుకుంటారు. అవిభాజ్య భూమి వాటా, వాడుకలో యూడీఎస్, రిజిస్టర్ చేసి ఇస్తారు. రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన ఇవ్వడమే రెరా 3వ సెక్షన్ ప్రకారం నేరం. అలాంటి అమ్మకంలో రెరా నమూనా ఒప్పందం ఉండదు, రద్దు నిబంధన ఉండదు, కొనుగోలుదారుల డబ్బులో 70 శాతం ఉంచాల్సిన ప్రత్యేక ఖాతా కూడా ఉండదు. పది శాతం కోత అన్న ప్రశ్నే తలెత్తదు, వందకు వందా బిల్డరు దయ మీద ఉంటుంది. అమీన్‌పూర్‌లో ప్రీలాంచ్ పేరుతో వసూళ్లు చేసి ఇళ్లు కట్టలేదన్న ఆరోపణపై సాహితీ ఇన్‌ఫ్రాటెక్ అధినేతను హైదరాబాద్ పోలీసులు 2022 డిసెంబరులో అరెస్టు చేశారు. అక్కడ డబ్బు కట్టినవారు వెనక్కి తగ్గుతామన్నా ఇచ్చే చేయి లేకపోయింది.

అమ్మకం దస్తావేజు రిజిస్టరయ్యాక 'రద్దు' అన్న మాటకు అర్థమే మారిపోతుంది. ఒకవైపు వారు ఏకపక్షంగా వెళ్లి దస్తావేజును రద్దు చేయించడం చెల్లదని ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోనే 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇద్దరూ ఒప్పుకుంటే సరి, లేదంటే సివిల్ కోర్టు. ఒప్పుకుని తిరిగి బిల్డరుకే అమ్మినా అది కొత్త అమ్మకమే. 2021లో తెలంగాణ పెంచిన రేట్ల ప్రకారం స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి దాదాపు 7.5 శాతం. మొదటిసారి కట్టినది పోయినట్టే, రెండోసారిది ఎవరు కట్టాలన్నది మరో గొడవ.

అనుకూలంగా తీర్పు వచ్చినంతలో డబ్బు వచ్చినట్టూ కాదు. రెరా ఆదేశాన్ని బిల్డరు ఖాతరు చేయకపోతే అది భూమి శిస్తు బకాయి మాదిరిగా వసూలు కోసం కలెక్టరు కార్యాలయానికి వెళుతుంది. అక్కడ ఎన్నికల విధులు, ధాన్యం కొనుగోళ్లు, భూవివాదాల మధ్య ఆ ఫైలు తన వంతు కోసం ఎదురుచూడాలి. బిల్డరు దివాలా తీస్తే కథ దివాలా ట్రిబ్యునల్‌కు మారుతుంది. 2018 సవరణతో ఇళ్ల కొనుగోలుదారులు ఆర్థిక రుణదాతల హోదా పొందారు గానీ, 2020 నుంచి ఆ తలుపు తట్టాలంటే కనీసం వంద మందో లేక ప్రాజెక్టులో పదో వంతు మందో కలిసి వెళ్లాలి.

అందుకే అనుభవజ్ఞులు రద్దు కన్నా బదిలీ వైపు చూస్తారు. తన అలాట్‌మెంట్‌ను మరో కొనుగోలుదారు పేరు మీదికి మార్పించడం. బిల్డరు అనుమతి పత్రానికి చదరపు అడుగుకు ఇంతని రుసుము పుచ్చుకుంటారు. బ్యాంకు రుణం తీర్చాలి లేదా మార్పించాలి. అయినా పది శాతం కోతతో పోలిస్తే చాలాసార్లు ఇదే చవక. ఒప్పందంలో ఎంత శాతం కట్టాక బదిలీకి అనుమతిస్తారో ముందే రాసి ఉంటుంది, సంతకానికి ముందు చూసుకోవాల్సిన గడుల్లో అది మొదటిది.

చిత్రమేమిటంటే, ధరలు పెరిగే కాలంలో రద్దుకు బిల్డర్లే ఉత్సాహం చూపుతారు. పాత రేటు ఫ్లాట్ వెనక్కి వస్తుంది, కొత్త రేటుకు మళ్లీ అమ్ముడవుతుంది, పైగా పది శాతం మిగులుతుంది. నష్టమే లేనప్పుడు జప్తు ఎందుకు? ఈ ప్రశ్న ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ వ్యవహారంలో 2015లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. భికాజీ కామా ప్లేస్‌లో రూ. 3.12 కోట్లకు వేలం పాడినవారి రూ. 78 లక్షల బయానాను ఆ సంస్థ జప్తు చేసి, తర్వాత అదే స్థలాన్ని రూ. 11.78 కోట్లకు అమ్ముకుంది. అక్కడ తప్పు కూడా సంస్థదేనని తేలింది. నష్టం జరగని చోట పరిహారం ఉండదని చెప్పి కోర్టు ఆ 78 లక్షలను 9 శాతం వడ్డీతో తిరిగి ఇప్పించింది. గురుగ్రామ్ ఫ్లాట్ వివాదం ధరలు పడిన కాలానిది. ధరలు పెరిగిన నగరంలో, తప్పుకున్నవారి ఫ్లాట్‌ను బిల్డరు ఎంతకు తిరిగి అమ్మారో దస్తావేజు నకలు తీసి చూపే కొనుగోలుదారు చేతిలో వాదనకు ఆ 2015 తీర్పు ఉంది.